తమ్ముడి గోళీల డబ్బా ల్యాబుకెందుకు? చేపల మీద పీహెచ్‌డీ గురించి కొన్ని సందేహాలు

నల్లకుంట_అమ్మ · ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ సైన్సు చదివినవాళ్లు చాలామంది ఉంటారని మా తమ్ముడు చెబితే రాస్తున్నాను. మా పెద్దమ్మాయి ఈమధ్యే పీహెచ్‌డీలో చేరింది. తార్నాక వైపు ఓ ల్యాబు. మందుల విషప్రభావం మీద పరిశోధన అంటే సంతోషించాం. తీరా చూస్తే పొద్దస్తమానం చేపలతోనే పని. అవి కూడా వేలెడంత లేని చేపలు.

ఆదివారం కూడా ఏడు కాకముందే స్కూటీ తీసి వెళ్లిపోతోంది. అడిగితే "లైట్లు వెలిగే టైముకి అక్కడ ఉండాలమ్మా, లేకపోతే గుడ్లు పోతాయి" అంటుంది. నిన్నయితే అటక మీదున్న వాళ్ల తమ్ముడి గోళీల డబ్బా దింపి పట్టుకుపోయింది. మా ఆడపడుచు వచ్చి "డాక్టరేటంటే చేపలు పెంచడమా వదినా?" అని ఒకటే నవ్వు. ఏం చెప్పాలో తెలియక ఉప్మా పెట్టి ఊరుకున్నాను.

నాకు తెలియాల్సినవి రెండు. ఎలుకలూ కుందేళ్లూ ఉండగా చేపలెందుకు? చేపను చూస్తే మనిషికి వేసే మందు సంగతి ఎలా తెలుస్తుంది? పిల్లను అడిగితే ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి ఫోన్ చూసుకుంటుంది.

తెల్లకోటు_హబ్సిగూడ · 10:15

అమ్మా, లైట్ల మాట నిజమే. అయిదేళ్లు నేనూ వాటి కోసమే పరుగెత్తాను.

ఆ చేప పేరు జీబ్రా ఫిష్. శాస్త్రీయ నామం డానియో రెరియో. నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, ఒంటి పొడవునా నీలి చారలు. పేరు ఇంగ్లీషుదైనా పుట్టిల్లు మనదే. గంగ, బ్రహ్మపుత్ర పారే ప్రాంతాల్లో వాగుల్లో, వరిమళ్ల పక్క కాలవల్లో తిరిగే చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ల్యాబులోకి తెచ్చింది మాత్రం అమెరికాలో, ఓరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్. ఆయన పేపరు 1981లో వచ్చాకే మిగతావాళ్ల కళ్లు దీని మీద పడ్డాయి.

ఎలుకతో వచ్చే చిక్కేమిటంటే పిల్ల తల్లి కడుపులో పెరుగుతుంది. లోపల ఏం జరుగుతోందో చూడాలంటే తల్లిని కోయాలి. ఈ చేప గుడ్లు నీళ్లలో వదులుతుంది, మగది అక్కడే ఫలదీకరిస్తుంది, ఇక జరిగేదంతా మన కళ్లముందే. గుడ్డు మిల్లీమీటరు పైచిలుకు, అద్దంలా ఉంటుంది. ఒక్క రోజు గడిచేసరికి తల, కళ్లు, తోక వచ్చేస్తాయి, గుండె కొట్టుకోవడం కూడా అప్పుడే మొదలు. రెండు మూడు రోజులకు పొదుగుతుంది. మూడు నెలలకు ఆ పిల్లే గుడ్లు పెడుతుంది. జత కుదిరితే ఒక్క పొద్దున వంద, రెండొందల గుడ్లు.

వీటికి రోజూ పద్నాలుగు గంటలు వెలుతురు, పది గంటలు చీకటి ఇస్తారు. ముందురోజు సాయంత్రం ఆడదాన్నీ మగదాన్నీ ఒకే డబ్బాలో పెట్టి మధ్యలో అడ్డు పెడతారు. పొద్దున లైటు వెలగ్గానే అడ్డు తీస్తే గుడ్లు పెడతాయి. మా దగ్గర వయసు రోజుల్లో కాదు, గంటల్లో లెక్క. మీ అమ్మాయి గంట ఆలస్యంగా వెళ్తే ఆ గుడ్డు ఎప్పటిదో చెప్పలేదు, ఆ రోజు ప్రయోగం పోయినట్టే.

చేపలపిచ్చోడు_అంబర్‌పేట · 10:32

గోళీల సంగతి నన్ను చెప్పనివ్వండి! ఈ చేపలకు కన్నప్రేమ బొత్తిగా లేదమ్మా. గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి, దాన్నే మింగేస్తాయి. అందుకే అడుగున గోళీలు పరుస్తాం. గుడ్లు సందుల్లోంచి జారిపోతాయి, చేప మూతి అంత లోపలికి పోదు. ల్యాబుల్లో అడుగున జల్లెడ ఉన్న డబ్బాలు వాడతారని విన్నా. అవి తక్కువైతే గోళీలే దిక్కు. నేను చిన్నప్పుడు గోలీసోడా సీసాల గోళీలు వేశాను.

తెల్లకోటు_హబ్సిగూడ · 10:40

నిజమే. మా దగ్గరా మొదటి ఏడాది గోళీలే.

నల్లకుంట_అమ్మ · 11:55

అమ్మయ్య, గోళీలకు సమాధానం దొరికింది. అన్నం వార్చి వచ్చి మళ్లీ చదివాను. కానీ రెండోది అలాగే ఉండిపోయింది. చేప నీళ్లలో ఉంటుంది, మొప్పలతో గాలి పీలుస్తుంది. మనకూ దానికీ పొంతనేమిటి?

మందుబిళ్ల_జీడిమెట్ల · మధ్యాహ్నం 12:30

ఓ మందుల కంపెనీలో విషప్రభావం పరీక్షించే టాక్సికాలజీ విభాగంలో ఇరవై రెండేళ్లు చేశాను, దీనికి నేను చెప్తాను.

కొత్త మందు అణువు తయారైన కొత్తలో మన చేతిలో ఉండేది కొన్ని మిల్లీగ్రాములు. దాన్ని చెయ్యడానికే కెమిస్టుకు నెలలు పట్టి ఉంటుంది. ఎలుకలకు పట్టించాలంటే గ్రాములు కావాలి. చేప గుడ్డుకు చిటికెడు చాలు. అరచేతిలో పట్టే ప్లేటుకు ఇరవై నాలుగు గుంటలుంటాయి, గుంటకో గుడ్డు, రెండు మిల్లీలీటర్ల నీళ్లు. మందు ఆ నీళ్లలోనే కలుపుతాం.

దీనికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి కూడా ఉంది, ఓఈసీడీ అనే దేశాల కూటమి ఇచ్చిన 236వ నంబరు పరీక్ష, 2013లో వచ్చింది. ఒక్కో మోతాదుకు ఇరవై గుడ్లు, తొంభై ఆరు గంటలు. రోజూ మైక్రోస్కోపు కింద చూసేవి నాలుగే: గుడ్డు తెల్లగా గడ్డకట్టిందా, వెన్ను వెంట కండరాల కణుపులు వచ్చాయా, తోక సొన నుంచి విడిపడిందా, గుండె కొట్టుకుంటోందా. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ గుడ్డు చచ్చినట్టే లెక్క. సగం గుడ్లు చావడానికి ఎంత మోతాదు పట్టిందో చివర్లో లెక్క కడతాం.

చావు లెక్క మొరటుది, అది పర్యావరణం కోసం. మందుల కంపెనీ అంతకంటే చిన్నవి చూస్తుంది. గుండె నెమ్మదించిందా, పిల్లను సూదితో తాకితే తప్పించుకుంటోందా, కాలేయం మసకబారిందా. మనుషుల్లో గుండె లయ చెడగొట్టే మందులు ఈ పిల్లల్లోనూ గుండెను నెమ్మదింపజేస్తాయని 2003లోనే చూపించారు. చిట్టెలుక గుండె నిమిషానికి అయిదారు వందలసార్లు కొట్టుకుంటుంది. చేప పిల్లది నూట యాభై అటూ ఇటూ. ఈ ఒక్క విషయంలో ఎలుక కంటే చేపే మనకు దగ్గర చుట్టం.

ఇంకోటి. థాలిడోమైడ్ తెలుసుగా? 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది. గర్భిణులు వేవిళ్లకు వేసుకున్నారు. చేతులూ కాళ్లూ సరిగా రాని పిల్లలు పదివేల మందికి పైగా పుట్టారు. 1961లో ఆపేశారు. ఎలుకలకు ఆ మందు పెద్దగా అంటదు! అసలు అది ఒంట్లో దేన్ని పట్టుకుంటుందో యాభై ఏళ్లు ఎవరికీ అంతుచిక్కలేదు. 2010లో జపాన్ వాళ్లు సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ని పట్టుకున్నారు. రుజువు దొరికింది ఈ చేప పిల్ల రెక్కల్లో. మందు పెడితే రెక్క మొలవలేదు. మందు అంటుకోని రకం సెరెబ్లాన్ పెడితే చాలావరకు మొలిచింది.

ఆబిడ్స్_బాతాఖానీ · 12:48

మృగశిర కార్తె నాడు నాంపల్లిలో కొరమీను పిల్లను మింగే ఊరండీ మనది. చేపలో మందు వెతకడం మనకు కొత్తా?

మందుబిళ్ల_జీడిమెట్ల · 12:51

అక్కడ మందు నోట్లో పెట్టుకుని మన కడుపులోకి పోయేది చేప. ఇక్కడ మన బదులు మందు మింగేది కూడా చేపే.

స్టెతస్కోపు · మధ్యాహ్నం 2:20

నేను ప్రాక్టీసులో ఉన్న డాక్టర్ని. మందుబిళ్ల గారు కథను మంచి చోట ఆపేశారు, మిగతాది నేను చెప్తాను. థాలిడోమైడ్ వల్ల మనిషిలో దెబ్బతినే ప్రోటీన్లలో ముఖ్యమైనది శాల్4 అని 2018లో తేలింది. చేపలో ఆ శాల్4కు ఈ మందు ఏమీ చెయ్యదు! అంటే రెక్క మొలవకపోవడం నిజమే, దారి మాత్రం వేరు. చేపకు రెక్క పోయింది కాబట్టి బిడ్డకు చెయ్యి పోతుంది అని నేరుగా గీత గీయడానికి లేదు.

చేపకు ఊపిరితిత్తులు లేవు, కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ లేదు, పాలిచ్చే గ్రంథులు లేవు. గుండెకు గదులు రెండే. ఆస్తమా మందో, బాలింత వేసుకోవలసిన మందో దీన్నడిగితే ఏం చెబుతుంది? పైగా నీళ్లలో ఎంత కలిపామన్నది తెలుస్తుంది గానీ పిల్ల ఒంట్లోకి ఎంత పోయిందో తెలియదు. నూనె గుణం ఉన్న మందులు ప్లాస్టిక్ ప్లేటుకే అతుక్కుపోతాయి. పెద్ద అణువులు గుడ్డు పైపొర దాటవు. అప్పుడు "మందు సురక్షితం" అని రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

తెల్లకోటు_హబ్సిగూడ · 3:05

డాక్టర్‌గారూ, మందు లోపలికి పోయిందో లేదో కొలవకుండా "సురక్షితం" అనేవాళ్లు మా ఫీల్డులోనూ ఉన్నారు, వాళ్లంటే నాకూ ఒళ్లుమంటే. శాల్4 మాట ఒప్పుకుంటాను. అయితే 2019లో అదే జపాన్ బృందం చేప రెక్కల్లో దెబ్బతినేది పీ63 అనే ప్రోటీన్ అని చూపించింది. అదీ సెరెబ్లాన్ గుండానే. తాళం ఒక్కటే, లోపల తెరుచుకున్న గది వేరు.

పొంతన గురించి అమ్మగారు అడిగారు కదా. 2013లో ఈ చేప జన్యుపటం పూర్తిగా అచ్చయింది. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి చేపలో జోడు ఉంది. కొన్నిటికి రెండేసి ఉన్నాయి, ఎందుకంటే ఈ చేపల పూర్వీకుల్లో ఒకప్పుడు జన్యువులన్నీ ఒక్కసారే రెట్టింపయ్యాయి. దాంతో ఒక తలనొప్పి: ఒకటి పాడుచేస్తే రెండోది దాని పని చేసేస్తుంది, మనకేమీ తేడా కనబడదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మందులది కాదు, ఒంటి రంగుది. చారలు పాలిపోయి బంగారు ఛాయలో ఉండే ఓ రకం జీబ్రా ఫిష్ ఉంది. అందులో పాడైన జన్యువు ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని 2005లో అమెరికాలో పట్టుకున్నారు. మనిషి జన్యువును ఆ చేప గుడ్డులో పెడితే చారలు మళ్లీ నల్లబడ్డాయి! తర్వాత అదే జన్యువును మనుషుల్లో వెతికారు. దక్షిణాసియా వాళ్ల ఒంటి రంగులో దాని పాత్రేమిటో తేల్చిన 2013 నాటి అధ్యయనంలో మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లున్నారు. పెళ్లిచూపుల్లో పిల్ల ఛాయ గురించి మాట్లాడే మన జనానికి ఆ సంగతి ఓ చేప చారల్లోంచి బయటపడిందంటే నమ్ముతారా?

నల్లకుంట_అమ్మ · 3:30

మా ఆడపడుచుకు ఇది తప్పకుండా చెప్పాలి. ఆవిడకు కోడలి ఛాయ మీదే ధ్యాస.

పటాన్‌చెరు_దిక్కు · సాయంత్రం 6:10

మందు సంగతి మీరు మాట్లాడుతున్నరు, నేను మురికి సంగతి చెప్త. మా దిక్కు చెరువుల్ల చేప తేలిందంటే మాకు ఏ ల్యాబూ అక్కర్లేదు, నీళ్లు ఖరాబైనయని తెలుస్తది. మా నాయిన ఎడ్లను కూడా తాగనియ్యలే.

కానీ చేప తేలితే కోర్టుల నిలవడదు. కాయితం మీద అంకె కావాలె. 2007ల స్వీడన్ పరిశోధకులు వచ్చి పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల మురికినీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను కొలిచిన్రు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. గోలీ మింగినోని నెత్తుర్ల కూడా అంత ఉండదు. అవి శుద్ధి చేసినంక వచ్చిన నీళ్లు, యాదుంచుకోండి. 2009ల అవే నీళ్లను కప్ప పిల్లలకు, గీ జీబ్రా చేప పిల్లలకు పెట్టిన్రు. అయిదు వందల లీటర్ల మంచి నీళ్లల్ల ఒక్క లీటరు కలిపితేనే కప్ప పిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది.

ఆ పేపర్ వచ్చినంకనే మా మాటకు విలువొచ్చింది. గంత చిన్న చేప మా తరఫున సాక్ష్యం చెప్పింది.

మందుబిళ్ల_జీడిమెట్ల · 6:45

అన్నా, మీ మాట కాదనను. మన దేశంలో పరిశ్రమల మురికినీళ్ల ప్రమాణాల్లోనే చేప పరీక్ష ఉంది. ఏమీ కలపకుండా అచ్చంగా ఆ నీళ్లలో చేపల్ని వదిలితే తొంభై ఆరు గంటల తర్వాత 90 శాతం బతికుండాలి. రూలు మంచిదే. కానీ నాలుగు రోజులు బతికిన చేప నాలుగు నెలలు బతుకుతుందా, గుడ్లు పెడుతుందా అన్నది ఆ రూలు అడగదు. మీరు చెప్పిన కప్ప పిల్లలూ చావలేదు, ఎదగలేదు. పైగా నమూనా ఏ రోజు తీస్తారో ముందే తెలిసిపోయే ఫ్యాక్టరీలను నేను చూశాను. పేర్లొద్దులెండి.

మూగప్రాణి_మల్కాజ్‌గిరి · రాత్రి 8:20

అందరూ చేప ఎంత పనికొస్తుందో చెబుతున్నారు. దానికి నొప్పి ఉండదా? ఎలుకకు బదులు చేప అనడం ఎలా ఉందంటే, మేకను వదిలి కోడిని కోసి "హింస తగ్గించాం" అన్నట్టుంది.

తెల్లకోటు_హబ్సిగూడ · 8:55

ప్రశ్న సరైనదే. పెద్ద చేపకు నొప్పి లేదని నేననను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా. చేప కూడా అందులోకే వస్తుంది. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ ఏర్పడిందీ ఆ చట్టం కిందే.

గుడ్డు దగ్గర గీత ఎక్కడ గీయాలన్నదే చర్చ. ఐరోపా చట్టం పిల్ల సొంతంగా తిండి తినడం మొదలుపెట్టే దగ్గర గీసింది, అంటే దాదాపు అయిదో రోజు. అప్పటిదాకా అది సొన మీదే బతుకుతుంది. 236 పరీక్ష తొంభై ఆరు గంటలకు ఆపడం వెనక ఆ లెక్క కూడా ఉంది. పాత పద్ధతిలో ఒక్కో మోతాదుకు ఏడేసి పెద్ద చేపల్ని విషం నీళ్లలో వదిలి చూస్తూ కూర్చునేవాళ్లం. అది తగ్గింది. పని అయ్యాక పిల్లలకు మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తాం. కాలవలో పోసెయ్యం.

మీకిది సరిపోదని తెలుసు. నాకూ కొన్ని రోజులు సరిపోయేది కాదు.

మూగప్రాణి_మల్కాజ్‌గిరి · 9:10

సరిపోలేదు. కానీ దాచకుండా చెప్పారు, అందుకు థాంక్స్.

ఎమ్మెస్సీ_సెకండియర్ · రాత్రి 11:40

సీనియర్లూ, మధ్యలో దూరుతున్నందుకు సారీ. ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గర పడింది, ఫుల్ టెన్షన్‌లో ఉన్నా. నా కంట్రోల్ గుడ్లే చచ్చిపోతున్నాయి. మందు పెట్టనివి! ఇరవైలో ఆరు పోయాయి. మూడోసారి ఇది. గైడ్‌కి చెప్పాలంటే భయంగా ఉంది.

మందుబిళ్ల_జీడిమెట్ల · 11:52

కంట్రోల్‌లో తొంభై శాతం బతక్కపోతే పరీక్షే చెల్లదు తమ్ముడూ. ఆ డేటా చెత్తబుట్టలో వెయ్యి, మందు మీద ఒక్క మాట కూడా రాయకు. గైడ్‌కి రేపే చెప్పు. దాచిన డేటా దాచిన అప్పులాంటిది.

ఇవి చూసుకో. గుడ్లు తీసిన రెండు మూడు గంటల్లో ఫలదీకరణ కానివన్నీ ఏరేశావా? చచ్చిన గుడ్డును మిగతావాటి మధ్య వదిలేస్తున్నావా? ఒకటి కుళ్లితే పక్కవి కుళ్లుతాయి. మందు కరిగించడానికి డీఎంఎస్‌ఓ ఎంత పోస్తున్నావు? పదివేల వంతుల్లో ఒక వంతు దాటకూడదు.

చేపలపిచ్చోడు_అంబర్‌పేట · 11:58

నల్లా నీళ్లా? యాంటీ క్లోరిన్ వేశావా? లేదా బూజు రాకుండా చుక్క మిథిలీన్ బ్లూ వెయ్యి.

తెల్లకోటు_హబ్సిగూడ · సోమవారం, ఉదయం 6:20

మిథిలీన్ బ్లూ పెంపకంలో ఓకే, విషపరీక్షలో వద్దు. అదీ ఒక రసాయనమే, ఏది ఏం చేసిందో తేలదు. ఇంక్యుబేటర్ మీది అంకెను నమ్మకు తమ్ముడూ, లోపల ఓ గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి రాత్రంతా ఉంచు. వీటికి కావలసింది 26 నుంచి 28 డిగ్రీలు.

ఎమ్మెస్సీ_సెకండియర్ · గురువారం, సాయంత్రం 5:15

దొరికింది!!! థర్మామీటర్ పెట్టి రాత్రి ల్యాబులోనే పడుకున్నా. రెండున్నరకి కరెంటు పోయింది. పది నిమిషాల్లో వచ్చింది. ఇంక్యుబేటర్ మాత్రం తిరిగి ఆన్ అయ్యాక నేను పెట్టిన 28కి కాకుండా 37కి వెళ్లిపోయింది. అంతకుముందు బ్యాచ్ వాళ్లు బ్యాక్టీరియా పెంచేవాళ్లట, ఆ సెట్టింగే దాని మెమరీలో ఉండిపోయింది. పొద్దున నేను వచ్చేసరికి ఎవరో ఒకరు చూసి మళ్లీ 28 చేసేవాళ్లు, నాకు చెప్పేవాళ్లు కాదు. నా చేపలు ప్రతి రాత్రీ జ్వరంలో పడి ఉన్నాయి.

గైడ్ తిట్టలేదు. "మూడుసార్లు పోయాక అడిగావా?" అన్నారంతే. అదే ఎక్కువ బాధేసింది.

స్టెతస్కోపు · 5:40

ఆ డేటా పారెయ్యొద్దు, పక్కన పెట్టు. 37 డిగ్రీల దెబ్బ ఎలా ఉంటుందో నీ దగ్గర మూడుసార్లు చేసిన రికార్డుంది.

నల్లకుంట_అమ్మ · శుక్రవారం, రాత్రి 9:05

ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. శాల్4 దగ్గర ఆగి "నీకివన్నీ ఎవరు చెప్పారు?" అంది. తర్వాత తనే ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. రెండు రోజుల పిల్ల. కళ్లు నల్లగా, ఒళ్లు గాజులా. గుండె ఎక్కడుందో మొదట తెలియలేదు, తను వేలు పెట్టి చూపించాక కనబడింది. సొన పక్కనే టకటకా కొట్టుకుంటోంది. ఒక గది ముడుచుకుంటే రెండోది నిండుతోంది. ఎర్ర చుక్కలు తోకదాకా పోయి తిరిగొస్తున్నాయి. ఆడపడుచుకు కూడా పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

ఎమ్మెస్సీ బాబూ, మా అమ్మాయి కూడా వాళ్ల ఇంక్యుబేటర్ చూసుకుంది. వాళ్లది యూపీఎస్ మీద ఉందట.

గోళీలు తిరిగి రాలేదు. పైగా ఇంకో డబ్బా కావాలంటోంది. బేగంబజార్‌లో దొరుకుతాయా?

చేపలపిచ్చోడు_అంబర్‌పేట · 9:12

దొరుకుతాయమ్మా. కానీ పైన రంగు పూసినవి తేకండి, నీళ్లలో వదులుతుంది. లోపల పువ్వున్న ఉత్త గాజువే అడగండి. తెచ్చాక ఉప్పునీళ్లలో ఒక రోజు నానబెట్టి, సబ్బు తగలకుండా కడిగి పంపండి.